ఘంటసాల, బాలు పాటల విభావరికి మొదటిసారి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు, బ్రాడీపేట. కొన్నేళ్ల క్రితం మా నాన్నని తీసుకుని విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రానికి ఘంటసాల పాటల విభావరికి వెళ్లాను. అప్పటిదాకా పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాలు విన్నాను కానీ, ఒకే గాయకుడి పాటలు మూడు గంటలపాటు బృందం మొత్తం కూర్చుని వాయించడం వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను. మా పిన్ని దగ్గర్నుంచి ఆఫీసులో పిల్లల దాకా వెళ్లేముందు నన్ను అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ట్రిబ్యూట్ బ్యాండ్ అంటే ఏమిటి? మామూలు ఆర్కెస్ట్రాకీ దీనికీ తేడా ఏమిటి?

మామూలు ఆర్కెస్ట్రా అన్ని రకాల పాటలూ పాడుతుంది. పాత పాట ఒకటి, నిన్న విడుదలైన పాట ఒకటి, మధ్యలో డాన్స్ పాట ఒకటి. ట్రిబ్యూట్ బృందం ఒక్కరినే ఎంచుకుంటుంది. ఘంటసాల అయితే ఘంటసాలే, బాలు అయితే బాలే. లేదంటే ఒక సంగీత దర్శకుడి పాటలే. మన దగ్గర కరపత్రాల మీద దీన్ని ‘విభావరి’ అనో ‘స్వరాంజలి’ అనో వేస్తారు. ట్రిబ్యూట్ బ్యాండ్ అన్న మాట ఈమధ్య కుర్రాళ్ల నోట వినిపిస్తోంది.

తేడా పాటల జాబితాతో ఆగిపోదు. ఒక్కరి పాటలే ఏళ్ల తరబడి వాయించే బృందానికి ఆ పాటల మూలమూలలూ తెలుస్తాయి. రెండో చరణానికి ముందు వచ్చే చిన్న వీణ బిట్ కూడా వదలరు. పెళ్లి ఆర్కెస్ట్రాకి అంత తీరిక ఉండదు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల పని వేరు.

ఇది విదేశాల అలవాటా? మన దగ్గర ఎప్పుడైనా ఉందా?

పేరు అక్కడిదే. ఇంగ్లండ్‌లో అక్కడి పాప్ బృందం బీటిల్స్ పాటలు మాత్రమే వాయించే బూట్‌లెగ్ బీటిల్స్ బృందం 1980లో మొదలైంది. ఆస్ట్రేలియాలో 1988లో స్వీడన్ పాప్ బృందం ‘అబ్బా’ పాటల కోసం ఒకటి, ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాటల కోసం ఒకటి పుట్టాయి. వాళ్లు బట్టలు, జుట్టుతో సహా అసలు బృందంలాగే తయారవుతారు.

కానీ ఒకరి బాణీని మరొకరు తలకెత్తుకుని ఊరూరా వినిపించడం మనకి కొత్తేమీ కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్యనాటకం ఆడినన్నాళ్లూ జనం ఫలానా నటుడి రాగం పట్టుకున్నాడా లేదా అనే వినేవారు. బాగా పాడితే ‘వన్స్ మోర్’ అని అరిచి పద్యం మళ్లీ పాడించేవారు. తిరునాళ్లలో ఎన్టీఆర్‌లా, ఏఎన్నార్‌లా వేషం వేసుకుని రికార్డులకి ఆడేవాళ్లూ ఉండేవాళ్లు. నా లెక్కలో ఇదంతా ఒకే కుటుంబం.

అసలు పాట ఫోన్‌లో ఉండగా వేరేవాళ్లు పాడితే ఎందుకు వినాలి?

అందరూ ముందు అడిగేది ఇదే. మా నాన్నా అదే అన్నారు. “ఘంటసాల పాట ఇంకొకళ్లు పాడటమేంటమ్మా, డబ్బులు దండగ” అని బస్సులో కూడా అంటూనే ఉన్నారు. ఆయన చిన్నప్పట్నుంచీ విజయవాడ రేడియోలో ఆ పాటలు విన్న మనిషి. 1948లో మొదలైన ఆ కేంద్రం మా ఇంట్లో ఒక మనిషి లాంటిది.

సినిమా పాట ఎలా పుట్టిందో ఒక్కసారి ఆలోచించండి. మద్రాసు స్టూడియోలో గాయకుడు, వాద్యకారులు ఒకేచోట చేరి, మైకుల ముందు ఆ పాటని కలిసి పాడి వాయించారు. టేక్ బాగా వచ్చింది, రికార్డ్ అయింది, ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. అంతే. అంతమంది అలాగే మళ్లీ కూర్చుని ఆ పాటని వాయించిన సందర్భం చాలా పాటలకి రానే లేదు. ఘంటసాల కచేరీలు చేశారు, 1971లో అమెరికా, యూరప్ కూడా వెళ్లొచ్చారు. కానీ సినిమాలో విన్న ఆ వాద్యాల గుంపు మొత్తం వెంట వెళ్లడం ఎలా కుదురుతుంది?

బీటిల్స్ విషయమూ ఇలాంటిదే. వాళ్లు 1966 ఆగస్టు తర్వాత టూర్లు మానేశారు. ఆ తర్వాత స్టూడియోలో చేసిన గొప్ప పాటల్లో చాలావాటిని వాళ్లు కచేరీల్లో వాయించనే లేదు. వాటిని వేదిక మీద విన్నవాళ్లు ఎక్కువగా ట్రిబ్యూట్ బృందాల దగ్గరే విన్నారు.

కాబట్టి విభావరికి వెళ్తే మీరు వినేది రికార్డుకి నకలు కాదు. రికార్డులో ఒకే రేకు మీద ఒత్తుకుపోయిన వాద్యాలు మళ్లీ విడివిడిగా మనుషుల చేతుల్లోకి వస్తాయి. ఆరోజు రెండో పాటకే నాన్న నా మోచేయి పట్టుకుని, “అది క్లారినెట్టు! నేను ఇన్నేళ్లూ సన్నాయి అనుకున్నా” అన్నారు. యాభై ఏళ్లు విన్న పాటలో ఆయనకి ఆరోజు ఒక కొత్త వాద్యం కనబడింది. ఆ తర్వాత ‘డబ్బులు దండగ’ అన్న మాట మళ్లీ రాలేదు.

ఇంకో సంగతి. పాత పాటల్లో చాలావాటికి వాద్యాల స్వరాలు రాసిన కాగితాలు బృందాల చేతికి అందవు. రికార్డు పదేపదే వింటూ, ఏ వాద్యం ఎక్కడ వస్తోందో చెవితో పట్టుకుని మళ్లీ రాసుకోవాల్సిందే. మోనో రికార్డింగులో ఆరు వయొలిన్ల వెనక దాగిన మాండలిన్‌ని పట్టుకోవడానికి ఎన్ని రాత్రులు పడుతుందో ఆలోచించండి. నేను చప్పట్లు కొట్టేది ముందు ఆ కష్టానికి.

గాయకుడి గొంతు అచ్చం అలాగే ఉంటుందా?

ఉండదు. ఉండాలని అనుకుని వెళ్తే మొదటి పాటకే మనసు విరుగుతుంది.

శ్రుతి, తాళం, గమకం సాధన చేస్తే వస్తాయి. గొంతు రంగు మాత్రం స్వరతంత్రుల మీద, గొంతు, నోరు, ముక్కు లోపలి ఆకారం మీద ఆధారపడుతుంది. ఒక కుండ మోగినట్టు ఇంకో కుండ మోగదు. పైగా మన చెవుల్లో ఉన్న ‘ఘంటసాల గొంతు’లో కొంత భాగం అప్పటి మైకుది, టేపుది, రేడియోది. మీడియం వేవ్ రేడియోలో సన్నటి పై ధ్వనులు చాలావరకు తెగిపోయి, గొంతు ఇంకా నిండుగా, గుండ్రంగా వినిపిస్తుంది. అదే మనిషి ఎదురుగా నిలబడి పాడినా మనం గుర్తుపెట్టుకున్నట్టు ఉండకపోవచ్చు.

అనుకరణ మీదే బతికే గాయకులు కొందరు ఉంటారు. పల్లవి ఎత్తుకోగానే హాలంతా ఈలలు. మూడో పాటకి గొంతు నొక్కి పాడుతున్న శ్రమ తెలిసిపోతుంది. నాకు నచ్చేవాళ్లు వేరు. సొంత గొంతుతోనే పాడతారు, కానీ మాట ఎక్కడ విరవాలో, ఏ అక్షరం మీద ఊపిరి ఆపాలో ఘంటసాల దగ్గర నేర్చుకుని ఉంటారు. ఆయన పాటలో ఒత్తులు, దీర్ఘాలు ఎంత శుభ్రంగా పలుకుతాయో మనకి తెలుసు. ఆ ఉచ్చారణ దొరికితే గొంతు రంగు వేరైనా నాకు చాలు.

నిజంగా వాయిస్తున్నారా, ట్రాక్ పెట్టి పాడుతున్నారా? ఎలా తెలుస్తుంది?

టికెట్ కొనేముందే కరపత్రం చూడండి. వాద్యకారుల పేర్లు వేస్తే నమ్మకంగా వెళ్లొచ్చు. గాయకుల ఫోటోలే ఉండి, వాద్యాల ఊసే లేకపోతే కరోకే ట్రాక్, అంటే ముందే రికార్డ్ చేసిపెట్టిన వాద్య సంగీతం, మీద పాడే కార్యక్రమం అయ్యే అవకాశం ఎక్కువ.

హాల్లో తెలుసుకోవడం ఇంకా తేలిక. వయొలిన్ల గుంపు వినిపిస్తోంది, వేదిక మీద వయొలిన్ లేదు అనుకోండి, అది కీబోర్డ్ నుంచి వస్తూ ఉండాలి. కీబోర్డ్ అతని చేతులు కూడా కదలకపోతే ట్రాకే. గాయకుడు ఆలాపనలో ఒక్క క్షణం ఎక్కువ ఆగితే తబలా ఆయన కోసం ఆగుతుందా లేదా చూడండి. మనుషులు ఆగుతారు, ట్రాక్ ఆగదు. ‘వన్స్ మోర్’ అన్నప్పుడు నేరుగా చరణంలోకి దూకగలిగితే అది మనుషులు వాయిస్తున్న సంగీతం.

కీబోర్డ్, రిథమ్ ప్యాడ్ ఉన్నంత మాత్రాన తక్కువ చేయకండి. ఇరవైమంది వయొలిన్ వాద్యకారుల్ని తీసుకురావడం ఏ చిన్న సంస్థకీ కుదిరే పని కాదు. తబలా, డోలక్, ఫ్లూట్ మనుషులు వాయిస్తూ, మిగతావి కీబోర్డ్ నింపితే మంచి బృందమే. వీటిలో వీణో సితారో కూడా ఉంటే ఆ కార్యక్రమం వదులుకోవద్దని నా మాట.

ఏ పాట దగ్గర గాయకుడి సత్తా తెలుస్తుంది?

ఘంటసాల విభావరి అంటే ‘శివశంకరీ’ కోసం జనం ఎదురుచూస్తారు. 1961 నాటి పాట, పెండ్యాల నాగేశ్వరరావు స్వరరచన, దర్బారీ కానడ రాగం. చివర్లో స్వరాలు పరుగెత్తే చోట ఊపిరి నిలవాలి. హాల్లో అందరి కళ్లూ గాయకుడి మీదే ఉంటాయి.

నేను మాత్రం పద్యం దగ్గర చెవి పెడతాను. పాటకి తబలా అండ ఉంటుంది. పద్యానికి తాళం ఉండదు, శ్రుతి ఒక్కటే తోడు. అక్కడ రాగభావం లేకపోతే దాచుకోవడానికి చోటే లేదు. గుంటూరులో అయితే ‘పుష్పవిలాపం’ పద్యాలు పాడమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అది రాసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి మన గుంటూరు ఏసీ కాలేజీలో పాఠం చెప్పిన మనిషి, ఘంటసాల గొంతుతో ఆ పద్యాలు ఇల్లిల్లూ చేరాయి. ఒకసారి ఒక కుర్ర గాయకుడు వాటిని ఎత్తుకోగానే నా వెనక వరుసలో పెద్దాయన పెదాలు కదుపుతూ ప్రతి పాదం చివరి మాటనీ ముందే అందిస్తున్నారు. ఆ కుర్రాడికి అది వినిపించదు, కానీ నాకు ఇద్దరూ కలిసి పాడినట్టే అనిపించింది.

బాలు విభావరిలో పరీక్ష వేరే రకం. ఆయన పాటలో నవ్వు, వెక్కిరింపు, ఏడుపు, తాగుడు మాట అన్నీ నటనతో కలిసి వస్తాయి. రాగం సరిగ్గా పాడి, ఆ నవ్వు దగ్గర బిగుసుకుపోయేవాళ్లు చాలామంది.

ఆడగొంతు గురించి ఎవరూ మాట్లాడరేం?

మాట్లాడాలి. పోస్టర్ మీద పెద్ద ఫోటో ఘంటసాలదో బాలూదో ఉంటుంది. కానీ జాబితాలో బోలెడు యుగళగీతాలు. ఘంటసాల పక్కన సుశీల, లీల, జిక్కి, జానకి. బాలు పక్కన సుశీల, జానకి, చిత్ర, శైలజ. వేదిక మీద మాత్రం చాలాసార్లు ఒక్క గాయనే ఉంటుంది. ఐదు నిమిషాల క్రితం సుశీల నిండుదనం, ఇప్పుడు జానకి చిన్నపిల్ల గొంతు, తర్వాత చిత్ర నునుపు. ఇంత భారం మోసేది ఆమే, చప్పట్లలో వాటా తక్కువొచ్చేదీ ఆమెకే. జానకి పుట్టింది మన రేపల్లె ప్రాంతంలోనే, పల్లపట్లలో. కనీసం మన జిల్లాల వేదికల మీదైనా ఆ గాయని పేరు ముందు వరసలో వేయాలని నేను నిర్వాహకులకి ప్రతిసారీ చెప్తాను. మీరూ చెప్పండి.

ఇవి ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయి?

నాలుగు తేదీలు గుర్తుంచుకోండి. ఘంటసాల పుట్టింది 1922 డిసెంబర్ 4, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. కన్నుమూసింది 1974 ఫిబ్రవరి 11న. బాలు పుట్టినరోజు జూన్ 4, మనల్ని వదిలి వెళ్లింది 2020 సెప్టెంబర్ 25న. విభావరులు ఎక్కువగా ఈ తేదీల చుట్టూనే ఉంటాయి. తేదీకి ముందు వచ్చే శనివారం, ఆదివారం పేపర్లో జిల్లా పేజీ చూస్తే చాలు.

విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం పెద్ద వేదిక. దుర్గాపురంలో ఘంటసాల పేరుతోనే ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ. అక్కడ జరిగే కార్యక్రమాలు చిన్నవైనా శ్రద్ధగా వినేవాళ్లు వస్తారు. గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉండనే ఉంది.

డిసెంబర్, ఫిబ్రవరి హాయి. జూన్ 4 అంటే రోహిణి కార్తె వేడి ఇంకా పోని రోజులు. హాల్లో ఏసీ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి, నీళ్ల సీసా తప్పనిసరి.

టికెట్ ఎంత ఉంటుంది?

సాంస్కృతిక సంస్థలు, ట్రస్టులు పెట్టేవి చాలావరకు ప్రవేశం ఉచితం, లేదా పాసుల మీద. పేరున్న గాయకులు వస్తే టికెట్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొనాలి. ఉచితమైతే కనీసం అరగంట ముందు వెళ్లండి, లేదంటే నిలబడాలి. ఉచితం కదా అని మధ్యలో లేచి వచ్చేయడం మాత్రం వద్దు. వాద్యకారులకి ఖాళీ అవుతున్న కుర్చీలు కనిపిస్తాయి.

ఎక్కడ కూర్చుంటే బాగా వినిపిస్తుంది?

మిక్సర్ ఎక్కడ పెట్టారో చూడండి. హాలు మధ్యలోనో వెనకో ఒక బల్ల మీద బోలెడు మీటలతో ఒకాయన కూర్చుని ఉంటాడు. శబ్దాన్ని సరిచేసేది ఆయన చెవికి ఎలా వినిపిస్తే అలా. ఆయనకి దగ్గరగా కూర్చుంటే ఆయన వినేదే మీరూ వింటారు. ముందు వరుసలో సోఫాలు అతిథులకి. అవి దొరికినా నేను వెళ్లను. స్పీకర్ పక్కనైతే డ్రమ్ తప్ప ఏమీ తెలియదు, మరీ ముందైతే గొంతు సరిగ్గా అందదు.

వాద్యకారుల చేతులు చూడాలనుకుంటే మాత్రం ఐదో ఆరో వరుస, తబలా ఉన్న వైపు.

ఆరు గంటలకి అన్నారు. నిజంగా ఎప్పుడు మొదలవుతుంది?

జ్యోతి ప్రజ్వలన, అతిథుల్ని వేదిక మీదికి పిలవడం, ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఇవన్నీ అయ్యాక పాట. నేను వెళ్లిన ఒక కార్యక్రమంలో గంటా నలభై నిమిషాలు సన్మానాలకే పోయాయి. సౌండ్ చెక్ కోసం మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్న ఫ్లూట్ వాద్యకారుడు పక్కన మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. చివరికి హాలు వాళ్లు టైమ్ అయిపోయిందనడంతో జాబితాలో ఎనిమిది పాటలు కత్తిరించారు. నాకు చాలా బాధేసింది. పెద్దల్ని గౌరవించడం మంచిదే, కానీ జనం వచ్చింది పాట కోసం. సన్మానాలు మధ్యలో విరామానికి పెట్టుకుంటే రెండూ సాగుతాయి. ఇలా చేసే సంస్థలూ ఉన్నాయి, మళ్లీ మళ్లీ వెళ్లాల్సింది అలాంటివాటికే.

ఆరుబయట జరిగేవైతే మామూలుగా రాత్రి పదికి ఆపేయాలి. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప పాటలు అక్కడితో సరి.

చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, కానీ చెవులు చూసుకోండి. ఈమధ్య హాళ్లలో శబ్దం అవసరానికి మించి పెంచుతున్నారు. 85 డెసిబెల్స్ దగ్గర పెద్దవాళ్లకి ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ప్రతి మూడు డెసిబెల్స్‌కి ఆ సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. పక్కవాళ్లతో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందంటే శబ్దం ఎక్కువైనట్టే. పిల్లలకి చెవులు మూసే హెడ్‌ఫోన్ లాంటివి దొరుకుతాయి, లేదంటే వెనక వరుసకి మారండి.

మిక్సర్ దగ్గరికెళ్లి “కొంచెం తగ్గించండి అన్నా” అని అడగడానికి మొహమాటపడొద్దు. నేను అడిగాను, తగ్గించారు.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోవచ్చా?

ఒక పాట తీసుకోండి, చాలు. మూడు గంటలూ ఫోన్ ఎత్తి పట్టుకుంటే వెనకవాళ్లకి వేదిక కనిపించదు. పైగా ఆ పాట ఎలాగూ రికార్డుగా మీ దగ్గర ఉంది. లేనిది ఈ సాయంత్రమే.

మనం కూడా పాడొచ్చా? వన్స్ మోర్ అనొచ్చా?

హుషారు పాటకి చప్పట్లు, పల్లవి అందుకోవడం అన్నీ బాగుంటాయి. గాయకులకి ఊపొస్తుంది. ఆలాపన, పద్యం, విషాద గీతం వచ్చినప్పుడు మాత్రం నోరు కట్టుకోవాలి. పక్కాయన గట్టిగా కలిసి పాడుతుంటే చిరునవ్వుతో ఒక్కసారి చూడండి, చాలామంది ఆపేస్తారు.

వన్స్ మోర్ ఒకటో రెండో పాటలకి అనండి. ప్రతి పాటకీ అంటే జాబితా చివర్లో ఉన్నవి పోతాయి. మీకు కావలసిన పాట చీటీ మీద రాసి యాంకర్‌కి పంపొచ్చు, కానీ బృందం సాధన చేయని పాట వాయించమని పట్టుబట్టకండి. ముందు చెప్పాను కదా, ఒక్కో పాట వెనక రాత్రుళ్ల పని ఉంటుంది. నచ్చిన వాద్యకారుడికి నూట పదహార్లు ఇవ్వాలనిపిస్తే పాట అయ్యాక ఇవ్వండి, మధ్యలో వేదికెక్కొద్దు.

శ్రుతి తగ్గించి పాడారు. అది తప్పా?

కాదు. ఘంటసాల తారస్థాయి అందరికీ అందదు. ఒక శ్రుతి తగ్గించి హాయిగా పాడితే, పైకెక్కి గొంతు చిరగడం కన్నా ఎంతో మేలు. వేదిక మీద రెండో అవకాశం లేదు. స్టూడియోలో టేక్ మీద టేక్ తీసుకున్నారని మర్చిపోవద్దు.

అప్పుడప్పుడు మీకు తెలియని చరణం కూడా వినిపించొచ్చు. పాత గ్రామఫోన్ 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు మూడు మూడున్నర నిమిషాలే పట్టేది కాబట్టి, సినిమాలో ఉన్న చరణమో పద్యమో రికార్డులో తగ్గిపోయిన పాటలు ఉన్నాయి. శ్రద్ధ ఉన్న బృందాలు అవి వెతికి మళ్లీ కలుపుతాయి.

గాయకుడు మాటలు మర్చిపోతే?

మర్చిపోతారు. మనుషులు. జనం అందిస్తారు. నేను చూసినంతలో తెలుగు శ్రోతలు ఈ విషయంలో చాలా మంచివాళ్లు.

వేరేవాళ్ల పాటలు ఇలా పాడటం చట్టానికి ఒప్పుతుందా?

టికెట్ పెట్టి నడిపే కార్యక్రమానికి అనుమతి తీసుకోవాలి. పాట రాసినవారి, స్వరపరిచినవారి హక్కులకి ఐపీఆర్ఎస్ అనే సంస్థ లైసెన్స్ ఇస్తుంది. అది చూసుకోవాల్సింది నిర్వాహకులు. పెళ్లి వేడుకల్లో పాడుకోవడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది, డబ్బు తీసుకోకుండా ఔత్సాహికులు పాడుకునేదానికీ ఉంది. 2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడవద్దని బాలుగారికే లీగల్ నోటీసు పంపినప్పుడు ఈ విషయం చాలామందికి మొదటిసారి తెలిసింది. అభిమానులుగా మనకి అది కష్టంగా తోచినా, పాట కట్టినవారికి వాటా వెళ్లడం న్యాయమేనని నా అభిప్రాయం. 2012లో చట్టం మార్చి రచయితలకి, సంగీత దర్శకులకి రాయల్టీ హక్కు గట్టి చేసింది కూడా అందుకే.

డబ్బుతోపాటు పేరు కూడా చెప్పాలి. రచయిత ఎవరు, సంగీతం ఎవరిది, ఏ సంవత్సరం అని ప్రతి పాటకీ యాంకర్ చెబుతుంటే ఆ బృందం మంచిదని నాకు అక్కడే తెలిసిపోతుంది.

మొదటిసారి ఘంటసాలకి వెళ్లాలా, బాలుకి వెళ్లాలా?

మీ ఇంట్లో ఎవరి పాట ఎక్కువ మోగిందో వాళ్లకి. వాద్యాలు వినాలని ఉంటే ఘంటసాల. పిల్లలతో, కాలేజీ కుర్రాళ్లతో వెళ్తే బాలు, ఎందుకంటే 1966 నుంచి యాభై ఏళ్లకి పైగా పాడిన మనిషి కాబట్టి ప్రతి వయసువాళ్లకీ తెలిసిన పాట ఒకటైనా వస్తుంది. ఆయన నడిపిన టీవీ పాటల పోటీల్లో పాడి పెరిగిన గాయకులు ఇప్పుడు ఈ వేదికల మీద కనిపిస్తున్నారు. గురువు దగ్గర నేర్చుకున్నది గురువు పాటలోనే వినిపించడం చూడాల్సిన సంగతి.

పెద్దవాళ్లని తీసుకెళ్తున్నాం. ఏం చూసుకోవాలి?

మెట్లు, బాత్రూమ్ దూరం, పక్క దారి సీటు. షుగర్ ఉన్నవాళ్లకి బిస్కట్లు, మాత్రలు వెంట పెట్టండి, సన్మానాలతో భోజనం వేళ దాటిపోతుంది. చలి తట్టుకోలేనివాళ్లకి ఏసీ హాల్లో శాలువా కావాలి.

ఇంకొకటి. వాళ్లు పాట గురించి ఏదైనా చెప్పబోతే ‘ఉష్’ అనకండి. చెవి దగ్గర వంగి వినండి. ఆ సినిమా ఏ హాల్లో చూశారో, ఎవరితో వెళ్లారో అప్పుడే చెప్తారు. మా అమ్మని పెళ్లయ్యాక మొదటిసారి సినిమాకి ఎక్కడికి తీసుకెళ్లారో నాన్న నాకు చెప్పింది ఆ హాల్లోనే, రెండు పాటల మధ్య.

రాత్రి గుంటూరు తిరిగి రావడం ఎలా?

కళాక్షేత్రం నుంచి పండిట్ నెహ్రూ బస్టాండ్‌కి ఆటోలో కొద్ది నిమిషాలే. గుంటూరుకి సుమారు 35 కిలోమీటర్లు, బస్సులు రాత్రి కూడా దొరుకుతాయి. రైలు అనుకుంటే టైమ్ ముందే చూసుకోండి, చివరి పాటకి ముందే లేవాల్సి రావొచ్చు. అందుకే నేను బస్సే ఎంచుకుంటాను.

ఆ మొదటి రోజు మేం ఎక్కిన బస్సులో జనం తక్కువ. వారధి దాటాక నాన్న కిటికీ పక్కన కూర్చుని, పాట పాడకుండా, ఆ క్లారినెట్టు బిట్ ఒక్కటే నోటితో అంటూ వచ్చారు. మంగళగిరి వచ్చేసరికి ముందు సీట్లో ఉన్నాయన వెనక్కి తిరిగి, “మీరూ కళాక్షేత్రం నుంచేనా అండీ?” అని అడిగారు. పెదకాకాని దాకా ఇద్దరూ అది క్లారినెట్టా సన్నాయా అని మాట్లాడుకుంటూనే ఉన్నారు.